ఎక్కేవాడి ఎముక

అయిలయ్య తుంటి ఎముకను మొదటిసారి పట్టుకున్నప్పుడు అది ఇంకా గోరువెచ్చగా ఉంది. అసలు ఎముక రెండంతస్తుల పైన, వార్డులో, అయిలయ్య ఒంట్లోనే ఐదు ముక్కలై ఉంది. నా చేతుల్లో ఉన్నది దాని నకలు. అప్పుడే ప్రింటర్‌లోంచి తీసి మెత్తని కుంచెతో పొడి దులిపాను. విరిగిన అంచులు కూడా ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి, పగిలిన కుండ పెంకుల్లా.

హనుమకొండలో మా ఆసుపత్రి కింది అంతస్తులో ఉన్న ఆ గదిని అందరూ నమూనాల గది అంటారు. నేను చేరిన కొత్తలో డాక్టర్ రహ్మతుల్లా గారు ఫోన్ చేసి, "వకుళా, బొక్క తయారైందా?" అని అడిగితే కంగారు పడిపోయాను. మాది భీమవరం. మా వైపు బొక్క అంటే చిల్లు. ఏ ట్యాంకుకు చిల్లు పడిందోనని గదంతా వెతికాను. ఇక్కడ బొక్క అంటే ఎముక అని ఆ రోజే తెలిసింది.

స్కాన్ బొమ్మలు చూసి అచ్చం అలాంటి ఎముకను ప్లాస్టిక్‌తో అచ్చు తీయడం, ఆపరేషన్‌కు ముందే దాని మీద ప్లేట్లు వంచి చూసుకోవడం పాత సంగతే. రోగిని బల్ల మీద పడుకోబెట్టాక వెతుక్కోవడం తగ్గుతుంది. మా గదిలో తయారయ్యేది అంతటితో ఆగదు. మేము ప్లాస్టిక్ వాడం. ఎముకలో ఉండే ఖనిజాన్నే పొడిగా చేసి, రోగి మూలుగలోంచి తీసిన కణాలను అందులో కలిపి అచ్చు తీస్తాం. విరిగిన ముక్కలను డాక్టరు గారు ప్లేట్లతో, స్క్రూలతో బిగిస్తారు. నేను దాన్ని పోషక ద్రావణం ఉన్న గాజు ట్యాంకులో దించి, యంత్రం చేతులకు తగిలిస్తాను. ఆ చేతులు మనిషి నడిచినప్పుడు తుంటి మీద ఎంత భారం పడుతుందో అంతా వేస్తూ, తీస్తూ ఉంటాయి. ఎముకకు ఒక గుణం ఉంది. పని పడిన చోట గట్టిపడుతుంది, పని లేని చోట కరిగిపోతుంది. ట్యాంకులో ఆ గుణం పరుగు మీద ఉంటుంది. అక్కడ ఒక రోజు గడిస్తే ఎముకకు ఆరు నెలలు గడిచినట్టు. పది రోజులు ఆగితే ఐదేళ్ల తర్వాతి ఎముకను ఈ రోజే చూడొచ్చు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ యంత్రంలో నడిచేది నేనే. మొదట్లో నమూనాకు ఎవరో ఒకరి నడక కావలసి వస్తే, చెప్పుల్లో, నడుముకు సెన్సర్లు కట్టుకుని మా కారిడార్లో రోజంతా తిరిగాను. రోగి బరువును బట్టి అంకెలు మారేవి, అంతే. అయిలయ్యకు ముందు పదకొండు మంది ఎముకలు మా ట్యాంకుల్లో నా నడకే నడిచాయి. అది తప్పని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

అయిలయ్యది ఎర్రకుంటపల్లె. నలభై ఆరేళ్లు. కల్లు గీసే మనిషి. తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. తొడ ఎముక గుండు కూర్చునే గిన్నె చితికింది. కాలికి బరువు వేలాడదీసి పడుకోబెట్టారు. ఇలా విరిగిన ఎముకను మూడు వారాల్లోపు సరిచేయాలి. ఆ తర్వాత ముక్కలు తప్పు చోట అతుక్కోవడం మొదలుపెడతాయి.

డాక్టర్ రహ్మతుల్లా ఇరవై ఆరేళ్లుగా విరిగిన తుంట్లు అతుకుతున్నారు. రెండు నమూనాలు తీయమన్నారు. ఒకదానికి ముందు వైపు నుంచి ఒక సన్నని ప్లేటు బిగించారు. రెండోదానికి వెనుక వైపు నుంచి రెండు మందపాటి ప్లేట్లు బిగించారు. మూడు రోజులు ట్యాంకుల్లో నడిపించాను. ఏడాదిన్నర. రెండూ నిలబడ్డాయి.

"ముందు దారే మంచిది," అన్నారాయన. "కోత చిన్నగ ఉంటది. రక్తం తక్కువ పోతది. ఎనక నుంచి పోతే నరం అడ్డమొస్తది, బొటనవేలంత లావుది. దాన్ని పక్కకు పట్టుకొని గంటల కొద్ది పని చెయ్యాలె."

ఆ పని అక్కడితో అయిపోవలసింది. కానీ నాకో అలవాటు ఉంది. ట్యాంకులో పెట్టని నమూనా ఒకటి అదనంగా తీసి, వార్డుకు తీసుకెళ్లి రోగికి చూపిస్తాను. తన ఎముకను తను చూసుకునే అవకాశం ఎంతమందికి వస్తుంది? కొందరు ముట్టుకోవడానికి భయపడతారు. ఒకావిడ దండం పెట్టింది. అయిలయ్య మాత్రం రెండు చేతులూ చాచి అందుకున్నాడు. కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతూ పోయాడు. పక్కన స్టూలు మీద అతని భార్య పూలమ్మ బత్తాయి ఒలుస్తూ చూస్తోంది.

"గిది పడ్డప్పుడు అయింది కాదు," అన్నాడు, ఎముక వెనుక అంచు మీద ఒక గట్టును బొటనవేలితో నొక్కి.

చూశాను. నిజమే. విరిగిన చోటు కాదది. ఎముక అక్కడ చిన్న కట్టలా ఉబ్బి ఉంది. స్కాన్‌లో కనిపించింది గానీ ఎవరమూ పట్టించుకోలేదు.

"గిది మోకు కూసునే జాగ మేడమ్. చెట్టు సుట్టు, నా నడుం సుట్టు తాడేస్త కద, దాన్ని మోకంటరు. ఎనకకు ఒరిగితే పానమంత దాని మీదనే. ముప్పై ఏండ్లాయె." కళ్లు తెరిచి నా వైపు చూశాడు. "మీ మిషన్ల నా బొక్కను నడిపిస్తున్నరంట కద, నర్సమ్మ చెప్పింది. ఎవ్వరి నడక?"

"నాదే," అన్నాను.

అతను నా కాళ్ల వైపు చూశాడు. నవ్వలేదు. "మంచిదే. గని నేను నడిచేటోన్ని కాదు మేడమ్. ఎక్కేటోన్ని."

ఆ మాటకు పూలమ్మ చేతిలో బత్తాయి ఒలవడం ఆగిపోయింది. అప్పుడు ఎందుకో నాకు అర్థం కాలేదు.

డాక్టరు గారికి చెప్పాను. "పో, చూసి రా. ఒక్క రోజే ఇస్త," అన్నారు.

మర్నాడు పొద్దున్నే సెన్సర్ల పెట్టె పట్టుకుని ఎర్రకుంటపల్లెకు వెళ్లాను. పూలమ్మ తమ్ముడు మల్సూరు కూడా కల్లు గీస్తాడు. ఇరవై ఎనిమిదేళ్లు, సన్నగా ఉంటాడు. అతని అరికాళ్లకు, నడుముకు సెన్సర్లు కట్టాను. "గివి కట్టుకుంటె చెట్టుకు చక్కిలిగిలి పెడ్తదేమో అక్కా," అంటూ మోకు బిగించుకున్నాడు. రెండు పాదాలను కలిపే చిన్న తాడు వేసుకుని, ఒక్క ఎగురుతో మానును పట్టుకున్నాడు.

నేను కింద నిలబడి ల్యాప్‌టాప్‌లో గీతలు చూస్తున్నాను. మనిషి నడుస్తుంటే ఆ గీతలు సముద్రపు అలల్లా వస్తాయి, ఒకటి వెనుక ఒకటి. మల్సూరు గీతలు అలా లేవు. పాదాలు రెండూ కలిసి తన్నినప్పుడు ఒక పెద్ద శిఖరం. వెంటనే మోకు మీదికి ఒరిగినప్పుడు తుంటి వెనుక భాగం మీద ఒక పొడవాటి గట్టు. మళ్లీ శిఖరం. పైకి చేరాక అతను ఒంటి తుంటి మీద మెలి తిరిగి, గెలను కోస్తూ ఇరవై నిమిషాలు ఉన్నాడు. నా నడకలో ఎన్నడూ భారం పడని చోట అతని ఎముక ఒళ్లంతా మోస్తోంది. నేను ఇన్నాళ్లూ ఎముకలు చదవడం వచ్చనుకున్నాను. చదివింది ఒక్క పేజీ అని ఆ తాటివనంలో తెలిసింది.

తిరిగొచ్చి ఇంకో రెండు నమూనాలు తీసి, మల్సూరు ఎక్కుడును యంత్రానికి నేర్పాను. ఇప్పుడు నాలుగు ట్యాంకులు. ముందు ప్లేటు, నడక. ముందు ప్లేటు, ఎక్కుడు. వెనుక ప్లేట్లు, నడక. వెనుక ప్లేట్లు, ఎక్కుడు.

రెండో రోజు మధ్యాహ్నం ముందు ప్లేటుతో ఎక్కుతున్న ఎముక విరిగింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు, గాజు మీద గోటితో కొట్టినట్టు ఒక్క టిక్కుమన్న శబ్దం. లెక్క ప్రకారం తొమ్మిదో నెల. మేము అయిలయ్యకు వేద్దామనుకున్నది ఆ ప్లేటే.

ముందు ప్లేటుతో నడుస్తున్నది చెక్కుచెదరలేదు. వెనుక ప్లేట్లతో ఎక్కుతున్న ఎముక రోజురోజుకూ గట్టిపడింది. మోకు కూర్చునే గట్టు ఇంకా లావెక్కింది. చూస్తుంటే ముచ్చటేసింది. మరి వెనుక ప్లేట్లతో నడుస్తున్న ఎముక? మొదట్లో బాగానే ఉన్నది, ఎనిమిదో రోజుకు స్కాన్ తీస్తే ప్లేట్ల కింద పలచబడి ఉంది. భారమంతా ఆ మందపాటి ప్లేట్లే మోస్తున్నాయి. కింది ఎముకకు పని లేదు. పని లేక కరిగిపోతోంది. ఇలాగే పోతే ఆరేళ్లలో స్క్రూలు ఊడి, గిన్నె మళ్లీ పగులుతుంది.

డాక్టరు గారు నాలుగు ట్యాంకుల ముందూ తిరిగి తిరిగి చూశారు. "అంటే," అన్నారు మెల్లగా, "నడిచే మనిషికి ముందు ప్లేటు. ఎక్కే మనిషికి ఎనక ప్లేట్లు. ఒకరిది ఒకరికి వేస్తే రెండూ చెడ్తయి. ఇదివరకు నాకు ఇంత తెల్వకుండె వకుళా. తెల్వనప్పుడు మంచిగ నిద్ర పట్టేది."

ఆ మర్నాడు మధ్యాహ్నం పూలమ్మ నమూనాల గదికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, గోడ పక్కన నిలబడింది. ట్యాంకుల్లో కదులుతున్న ఎముకలను చూసి, "అన్ని ఆయనయేనా?" అని అడిగింది.

"ఆయనవే అమ్మా."

"ఎన్కకెల్లి కోస్తే మళ్ల ఎక్కుతడంట. డాక్టరు సారు ఫోన్ల మాట్లాడుతుంటె ఇన్న." కొంగు వేలికి చుట్టుకుంది. "మా నాయిన చెట్టు మీదికెల్లి పడే సచ్చిపోయిండు. అప్పుడు నాకు పదకొండేండ్లు. సద్ది తీస్కపోతున్న. దూరంకెల్లి చూసి, పైన గెల కోసి పడేసిండనుకున్న. దగ్గరికి పోయినంక..." ఆగింది. "ఈయన పడుడు ఇది రెండోసారి. మూడోసారి ఉంటదా బిడ్డా? నువ్వొక్క మాట చెప్పు. ఎన్కకెల్లి కోసేది గూడ ఇరిగిందని చెప్పు. ఏ తీరు చేసినా ఇగ ఎక్కరాదని చెప్పు. నీ నోటికెల్లి వస్తే నమ్ముతడు. నేను చెప్తే నమ్మడు."

ఆ మాట చెప్పడం నాకు ఎంత సులువో ఆమెకు తెలుసు. ట్యాంకుల్లో ఏది విరిగిందో, ఏది నిలిచిందో ఆ మంచం మీది మనిషి వచ్చి చూడలేడు. ముందు ప్లేటు వేస్తే చిన్న కోత, నరానికి ప్రమాదం లేదు, నేల మీద నడుస్తూ ముసలివాడయ్యే అవకాశం. అబద్ధం ఆడినా అతనికి మేలే జరగొచ్చు. అదే నన్ను భయపెట్టింది.

"అబద్ధం చెప్పలేనమ్మా," అన్నాను చివరికి. "మీరు అడిగారని మాత్రం ఆయనకు చెప్పను."

ఆమె తల ఊపింది. కోపం కనిపించలేదు. వెళ్లబోతూ ఎక్కుతున్న ఎముక ఉన్న ట్యాంకు ముందు ఆగింది. యంత్రం చేతులు తంతున్నాయి, ఒరుగుతున్నాయి. "అచ్చం గట్లనే ఎక్కుతడు," అంది.

పడి పదిహేడో రోజు. ఇక ఆగడానికి లేదు. డాక్టరు గారూ నేనూ విరిగిన నమూనాను, నిలిచిన నమూనాను, పలచబడిన నమూనాను మూడింటినీ ట్రేలో పెట్టుకుని వార్డుకు వెళ్లాం. ఆయన ఏదీ దాచకుండా చెప్పారు. నరం సంగతి కూడా చెప్పారు.

"ఏ బతుకు బతుకుతవో నువ్వు చెప్పు అయిలయ్యా. ఆ బతుకుకు సరిపోయే బొక్క కడ్త. నన్నడిగితే ముందు దారే అంట. గని నీ బొక్క."

అయిలయ్య మూడింటినీ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు. పలచబడినదాన్ని ఎక్కువసేపు పట్టుకున్నాడు. "ఎన్క ప్లేట్లు ఏపిచ్చుకొని, ఎక్కకపోతే?"

"గిట్లయితది," అన్నారు డాక్టరు గారు.

"అంటే ఇప్పుడే మాటియ్యాలె," అన్నాడు తనలో తాను. "పదేండ్ల తర్వాత సంగతి, మంచంల పండి."

పూలమ్మ మాట్లాడింది. "నేను మేడమ్‌ను అబద్ధం చెప్పుమన్న. ఇగ ఎక్కరాదని చెప్పుమన్న. మేడమ్ చెప్పనన్నది."

అయిలయ్య ఆమె వైపు తిరిగాడు. కాలికి కట్టిన బరువు ఊగింది. "నాతోనే చెప్పకపోయినవా?"

"చెప్తే ఇంటవా?"

అతను చేతిలో ఎముకను ట్రేలో పెట్టేశాడు. "ముప్పై ఏండ్లకెల్లి పొద్దుగాల్ల ఊరును పైకెల్లే చూస్తున్న," అన్నాడు. "ఎవ్వరి పొయ్యి అంటుకున్నది, ఎవ్వరి బర్రె తాడు తెంపుకున్నది, అన్ని కనవడ్తయి. కింద నిలవడి చూసుడు నాకు తెల్వది సారు. ఎన్కకెల్లే కొయ్యిండ్రి."

కాగితం మీద అతను వేలిముద్ర వేస్తుంటే పూలమ్మ ఆ చేతిని కింద పట్టుకుంది.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. నమూనా మీద వంచిపెట్టుకున్న ప్లేట్లు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి. ఎక్స్‌రే చూసి ఆపరేషన్ థియేటర్లో ఉన్నవాళ్లంతా సంతోషించారు. సాయంత్రం మత్తు దిగాక డాక్టరు గారు అయిలయ్య కుడి అరికాలి మీద సూదితో తాకారు. ఎడమ అరికాలి మీద తాకారు. మళ్లీ కుడి మీద తాకారు.

"ఎడమది తెలుస్తున్నది," అన్నాడు అయిలయ్య.

నరం తెగలేదు. ఐదు గంటలు పక్కకు లాగి పట్టుకోవడంతో నలిగింది. కొందరికి ఆర్నెల్లలో తిరిగొస్తుంది, కొందరికి రాదు. నమూనాలో ఎముక ఉంది, ప్లేటు ఉంది, మోకు గట్టు కూడా ఉంది. నరం లేదు. మేము అడగని ప్రశ్నకు ట్యాంకు జవాబు చెప్పదు.

ఆరో నెలలో అతను చూపించుకోవడానికి వచ్చాడు. కర్ర లేకుండా నడుస్తున్నాడు. ఎముక చక్కగా అతికింది. అరికాలు మాత్రం అలాగే ఉంది.

"చెట్టును కాలుతోటి చూస్తం మేడమ్," అన్నాడు నాతో. "ఏడ జారుతది, ఏడ గరుకున్నది, కాలే చెప్తది. కన్ను పైన గెల మీదనే ఉంటది. ఇప్పుడు నా కుడికాలు గుడ్డిది."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేదేమో. డాక్టరు గారు మాత్రం ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేయలేదు.

ఆ తర్వాత అయిలయ్య రావడం మానేశాడు. ఏడాది గడిచింది. ఫోన్ చేస్తే మల్సూరు ఎత్తాడు. "బావ చెట్టెక్కుత లేడక్కా. ఒక్కనాడు మోకు కట్టుకున్నడు, నాలుగడుగులు ఎక్కిండు, దిగిండు. గంతే."

ఫోన్ పెట్టేసి మూడో ట్యాంకు దగ్గరికి వెళ్లాను. వెనుక ప్లేట్లతో నడిచిన ఆ ఎముకను వార్డు నుంచి తెచ్చాక మళ్లీ ట్యాంకులో దించి చివరిదాకా నడిపించి, విరిగాక అలాగే ఉంచాను. ప్లేట్ల కింద అది అప్పడంలా ఉంది. అయిలయ్య ఒంట్లో ఇప్పుడు అదే జరుగుతూ ఉండాలి. ఎక్కడానికి కట్టిన ఎముకతో నేల మీద తిరుగుతున్నాడు. ప్లేట్లు తీసేయాలంటే మళ్లీ వెనుక నుంచే కోయాలి, మళ్లీ ఆ నరం పక్కనుంచే. డాక్టరు గారు చెప్పి పంపితే, పడిన రెండేళ్లకు, అయిలయ్య దంపతులు స్కాన్ కోసం వచ్చారు.

బొమ్మలు తెర మీదికి వస్తుంటే నేను కుర్చీ అంచున కూర్చున్నాను. ఒక్కో పొరా జరుపుతూ ప్లేట్ల కింది భాగానికి వచ్చాను.

ఎముక తెల్లగా, దట్టంగా ఉంది.

తప్పు బొమ్మ తెరిచాననుకుని పేరు చూసుకున్నాను. అతనిదే. ట్యాంకులో కరిగిన చోటే ఇక్కడ గట్టిపడి ఉంది. అంతకన్నా వింత ఇంకొకటి ఉంది. మోకు గట్టు కొంచెం తగ్గింది. దానికి రెండు వేళ్ల కింద, కూర్చుంటే నేలకు ఆనే చోట, కొత్త గట్టు ఒకటి లేస్తోంది. ఎక్కే ఎముకకు అది ఉండదు. నడిచే ఎముకకూ ఉండదు. డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఏం చేస్తున్నవ్ అయిలయ్యా?"

"ఏం చేస్త సారు. కూసుంటున్న."

"కూసుంటే గింత బొక్క పెరుగుతదా?"

అతను పూలమ్మను చూశాడు. ఆమె తల దించుకుని నవ్వు దాచుకుంది. "చెప్తే నవ్వుతరు," అన్నాడు. "మేడమ్‌నే రమ్మనండి. చూస్తే ఎర్కైతది."

ఆ ఆదివారమే వెళ్లాను. పొద్దెక్కుతోంది. తాటివనంలో అయిలయ్య ఒక చెట్టు మొదట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. రెండు పాదాలూ మానుకు ఆనించి, కాళ్లు తన్నిపట్టి, వెనక్కి ఒరిగి ఉన్నాడు. నడుము చుట్టూ ఒక మందపాటి తాడు. అది పైకి పోయి, గెలల కింద మానుకు బిగించిన ఇనుప కడియంలోంచి దూరి, చెట్టెక్కుతున్న మల్సూరు ఛాతీకి కట్టి ఉంది. మల్సూరు ఒక్కో ఎగురు వేస్తుంటే అయిలయ్య తాడును ఒక్కో మూర లాగుతున్నాడు. లాగినప్పుడల్లా అతని తుంటి నేలలోకి దిగబడుతోంది.

పూలమ్మ రేకు డబ్బాలో నీళ్లు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆయన నాలుగడుగులెక్కి దిగిననాడు ఇంట్ల పండుకున్నడు. మూడు దినాలు లేవలే," అంది. "నాలుగోనాడు నేనే చెప్పిన. నీ కాలు గుడ్డిదైతే అయింది, నడుం గట్టిదే కద, సారు ఇనుము పెట్టి కట్టిండు కద. చెట్టెక్కితే నీ ఒక్క పానం కాపాడుకుంటవ్. కింద కూసుండి తాడు పట్టుకుంటే అందరిది కాపాడుతవ్ అన్న. మొదాలు మా తమ్మునికి పట్టిండు. ఇప్పుడు ఊర్లె పదిమందికి తాడు పట్టుకుంటడు."

"ఎవరైనా జారారా?"

"ముగ్గురు." వేళ్లు చూపించింది. "ముగ్గురు ఇంటికొచ్చి బువ్వ తిన్నరు."

నేను అయిలయ్య దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. నాలుగు ట్యాంకులు, రెండు బతుకులు, అంతే పెట్టాం మేము. అందులో ఏదో ఒకటి ఎంచుకోమన్నాం. అతను ఎంచుకున్నాడు, ఎంచుకున్నది దక్కలేదు. ఆ తర్వాత బతికినది మా ఏ ట్యాంకులోనూ లేనిది. ఎముక మాత్రం రోజూ దాన్ని పట్టుకుని పెరుగుతూ వచ్చింది.

"మీ మీద కోపం లేదు బిడ్డా," అన్నాడు, నేను అడగకుండానే. కళ్లు పైన మల్సూరు మీదే ఉన్నాయి. "పొద్దుగాల్ల ఊరు కనవడదు, గదొక్కటే బాధ. గీ కొత్త బొక్క ఎన్నేండ్లు ఉంటది?"

"తెలీదు," అన్నాను. "ఇలా బతికినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. మీరే చెప్పాలి మాకు."

అతను దాని గురించి కాసేపు ఆలోచించాడు. ఇష్టమైన ప్రశ్న దొరికినవాడిలా కనిపించాడు. ఏదో అనబోయాడు. అంతలో పై నుంచి మల్సూరు, "బావా, మెలి తిరుగుతున్న," అని కేక వేశాడు. అయిలయ్య నాకు చెయ్యి అడ్డం పెట్టి ఆగమన్నాడు. పాదాలు మానుకు గట్టిగా తన్నిపట్టి, ఒళ్లంతా నేల మీదికి దించి, వెనక్కి ఒరిగాడు. తాడు బిగిసింది.